తాత గొంతుతో మనవడు పాడితే: గ్రెటా వాన్ ఫ్లీట్ ఆల్బం, మన తీజ్ పాట



పోస్టు పొడుగ్గ ఉంటది, ముందే చెప్తున్న.  ఇది స్కాలర్‌షిప్ గురించి కాదు, హాస్టల్ సీట్ల గురించి కాదు. ఒక అమెరికా రాక్ బ్యాండు ఆల్బం గురించి. "మనకెందుకన్నా ఇది" అని కామెంట్ పెట్టే ముందు చివరి దాకా చదవండి. తీజ్ దగ్గరికి వచ్చింది. డీజే పెట్టాల్నా, నగారా పెట్టాల్నా అని తండాల్లో కొట్లాట నడుస్తనే ఉన్నది. ఈ ఆల్బం వింటుంటే నాకు ఆ కొట్లాటే గుర్తుకొచ్చింది. అందుకే ఇక్కడ రాస్తున్న.

బ్యాండు పేరు గ్రెటా వాన్ ఫ్లీట్. అమెరికాల మిషిగన్ రాష్ట్రం, ఫ్రాంకెన్‌మత్ అనే చిన్న ఊరు వాళ్ళది. జనాభా దాదాపు 5 వేలు, అంటే మన దగ్గర ఒక పెద్ద గ్రామ పంచాయతీ అంత. కిస్కా అనే ఇంట్ల ముగ్గురు అన్నదమ్ములు. జోష్ పాడుతడు, జేక్ గిటార్ వాయిస్తడు, ఇద్దరూ కవలలు. చిన్నోడు సామ్ బేస్ గిటార్, కీబోర్డు చూస్తడు. డ్రమ్స్ మీద వాళ్ళ దోస్తు డానీ వాగ్నర్. 2012లో మొదలుపెట్టిండ్రు. బ్యాండుకు పెట్టుకున్న పేరు వాళ్ళ ఊర్లోని ఒక పెద్దావిడది. ఆమె పేరులో ఒక్క అక్షరం తీసేసి పెట్టుకున్నరు.

2017లో 'హైవే ట్యూన్' అనే పాటతో పేరొచ్చింది. పేరుతోపాటే తిట్లు కూడ వచ్చినయి. ఎందుకంటే కళ్ళు మూసుకొని వింటే అది 1970ల నాటి ఇంగ్లండు బ్యాండు లెడ్ జెప్పెలిన్ లాగనే ఉంటది. లెడ్ జెప్పెలిన్ 1968లో లండన్‌లో మొదలైంది, 1980లో డ్రమ్మర్ జాన్ బాన్‌హమ్ చనిపోయినంక ఆగిపోయింది. హార్డ్ రాక్ అనే మాటకు ముందు వరసల నిలబడ్డోళ్ళు వాళ్ళే. పై స్థాయిలో చీల్చుకుంటూ పోయే గొంతు, గిటార్ మీద తిరిగి తిరిగి వచ్చే బరువైన ముక్క, పిడుగు పడ్డట్టు డ్రమ్స్. గ్రెటా వాన్ ఫ్లీట్ పిల్లలు పుట్టేనాటికి ఆ బ్యాండు ఆగిపోయి పదిహేనేండ్లు దాటింది. అయినా అదే గొంతు, అదే గిటార్, అవే బట్టలు. ఇట్లాంటి వాటినే రెట్రో అంటరు. అంటే పాత కాలపు తీరును ఇప్పుడు మళ్ళీ కట్టుకునుడు.

లెడ్ జెప్పెలిన్ గాయకుడు రాబర్ట్ ప్లాంట్ కూడ 2018లో ఒక ఇంటర్వ్యూల నవ్వుకుంట, ఈ పిల్లలు మా మొదటి ఆల్బం లెక్కనే ఉన్నరు, ఆ పిల్లగాడు నాకు బాగ తెలిసిన ఒకాయన దగ్గర్నే ఆ గొంతు అప్పు తెచ్చుకున్నడు అనే అర్థంలో మాట్లాడిండు. అదే సంవత్సరం వచ్చిన వాళ్ళ మొదటి పూర్తి ఆల్బం 'యాంథమ్ ఆఫ్ ద పీస్‌ఫుల్ ఆర్మీ'కి పిచ్‌ఫోర్క్ అనే పత్రిక పదికి 1.6 మార్కులు ఇచ్చింది. మన దగ్గర ఇంటర్నల్స్‌ల కూడ అంత తక్కువ వెయ్యరు. మళ్ళా 2019లో, అంతకు ముందు వచ్చిన 'ఫ్రమ్ ద ఫైర్స్'కు ఉత్తమ రాక్ ఆల్బం అని గ్రామీ వచ్చింది. ఒక దిక్కు కాపీ అని తిట్లు, ఒక దిక్కు అవార్డు. ఈ రెండింటి నడుమ ఆ పిల్లలు పెద్దగయిండ్రు.

ఇగ నేను చెప్పే ఆల్బం 'స్టార్‌క్యాచర్'. 2023 జూలై 21న వచ్చింది. పూర్తి ఆల్బముల లెక్కల ఇది మూడోది. పది పాటలు, 43 నిమిషాల దాకా. నాష్‌విల్‌లో డేవ్ కాబ్ అనే నిర్మాతతో చేసిండ్రు. 2021లో వచ్చిన 'ద బాటిల్ ఎట్ గార్డెన్స్ గేట్' గంటకు పైన ఉండె. దానికి గ్రెగ్ కర్‌స్టిన్ అనే పెద్ద పాప్ నిర్మాత పని చేసిండు. అందుల ప్రతి పాటకు పైన ఇంకో పొర, దానిపైన ఇంకో పొర. వినీ వినీ అలసట వచ్చేది. ఈసారి దాన్ని దింపిండ్రు. నలుగురు ఒక్క గదిల నిలబడి వాయిస్తున్నట్టు వినిపిస్తది. నాకు ఆల్బంలో మొదట నచ్చింది అదే.

నేను వింటున్నది ఏడ అంటే మలక్‌పేటల. మా రూం నల్గొండ క్రాస్‌రోడ్డుకూ మూసారాంబాగ్‌కూ నడుమ ఒక గల్లీల ఉంటది. దేవరకొండ దిక్కు నుంచి వచ్చినోళ్ళకు సిటీ అంటే ఇక్కడే మొదలైతది, బస్సు దిగి సంచి పట్టుకొని నడిచేది ఈ రోడ్ల మీదనే. రాత్రి గంజ్‌కు ఉల్లిగడ్డ లారీలు వస్తయి, మలక్‌పేట స్టేషన్ దిక్కు నుంచి రైలు కూత వినిపిస్తది, పైన మెట్రో పోతది. వానొస్తే రైలు బ్రిడ్జి కింద నీళ్ళు నిలిచి హారన్ల మోత. ఇంత చప్పుడు నడుమ కూడ వినబడే సంగీతం కావాల్నంటే హార్డ్ రాకే మంచిది. రూంల నలుగురం. ఒకాయన ఉట్నూర్ దిక్కు గోండు అన్న, ఒకాయన భద్రాచలం దిక్కు కోయ తమ్ముడు, మేం ఇద్దరం లంబాడోళ్ళం. దోస్తు దగ్గర తెచ్చిన బ్లూటూత్ స్పీకర్ ఒకటి ఉంది. చదువు అయిపోయినంక రాత్రి పదిన్నరకు అరగంట పాటలు, అది మా రూం పద్ధతి. గత మూడు వారాలు నా వంతు వచ్చినప్పుడల్లా ఇదే ఆల్బం పెట్టిన. మా వాళ్ళ ఓపికకు దండం.

పాటల గురించి చెప్త. మొదటిది 'ఫేట్ ఆఫ్ ద ఫెయిత్‌ఫుల్'. నెమ్మదిగ, బరువుగ నడుస్తది. తలుపు తీసి పెద్ద హాల్ల అడుగు పెట్టినట్టు ఉంటది. 'వెయిటెడ్ ఆల్ యువర్ లైఫ్' వినడానికి బాగుంటది గాని, అయిపోయినంక గుర్తుండదు. 'ద ఫాలింగ్ స్కై'లో పాత బ్లూస్ నడక ఉంది, కాలు దానంతట అదే కదులుతది. 'సేక్రెడ్ ద థ్రెడ్'లో డ్రమ్స్ వినండి. తొందర పడకుండ, ఒక్కో దెబ్బకూ నడుమ జాగా ఇస్తడు డానీ. ఆ పాట పెట్టినప్పుడు మా గోండు అన్న పుస్తకం మూసి, "దండారిల గుమేల, పర్ర మోగేటప్పుడు కూడ గిట్లనే నడుమ జాగా ఉంటది, ఆ జాగాలనే కాలు పడ్తది" అన్నడు. నాకు అది ఏ రివ్యూల దొరకని మాట.

'రన్‌వే బ్లూస్' ఒక నిమిషం చిల్లర మాత్రమే ఉంటది. జోరుగ మొదలై, అందరూ ఊపు మీద ఉన్నప్పుడే చప్పుడు తగ్గిపోయి మాయమైతది. చానా మందికి ఇది కోపం తెప్పించింది. నాకైతే ఆల్బం మొత్తంల వీళ్ళు నవ్వుకుంట వాయించిన పాట ఇదే అనిపించింది. దాన్నే నాలుగు నిమిషాలు పెడితే ఏం పోయేది? 'ద ఇండిగో స్ట్రీక్', 'ఫ్రోజెన్ లైట్' రెండూ గిటార్ కోసం వినొచ్చు. జేక్ ఈసారి ఎవరి నీడలో లేడు. వేలు తీగ మీద జారే తీరు, అంచు కొంచెం గరుకుగ వదిలేసే పద్ధతి అతని సొంతం. 'ద ఆర్చర్' నిదానంగ ఎక్కుకుంట పోతది.

తొమ్మిదోది 'మీటింగ్ ద మాస్టర్'. ఏప్రిల్‌లనే విడిగ వదిలిండ్రు. మామూలు గిటార్‌తో మెల్లగ మొదలైతది. గురువును వెతుక్కుంట పోయే శిష్యుని పాట. చివర నలుగురూ కలిసి ఎత్తుకుంటే జోష్ గొంతు పైన ఎక్కడో తెగిపోతదేమో అన్నట్టు అరుస్తడు. ఆల్బం కొనదల్చుకోని వాళ్ళు కనీసం ఈ ఒక్క పాట వినండి. ఆఖరుది 'ఫేర్‌వెల్ ఫర్ నౌ', వేదిక దిగిపోయేటప్పుడు జనానికి చెప్పే వీడ్కోలు. ముగింపు కోసం రాసిన పాట అని తెలిసిపోతది, పర్వాలేదు.

సరే, మార్కులు. పిచ్‌ఫోర్క్ వాళ్ళు మొదటి దానికి 1.6 వేసిండ్రు. నేను దీనికి ఆరున్నర వేస్త. ఆ మూడున్నర ఎందుకు కోసిన్నో చెప్పాలె. కాపీ కాబట్టి కోయలేదు. అసలు సంగతి ఇక్కడి నుంచే మొదలైతది.

కాపీ అనే మాట ముందుగ తేల్చుకుందం. ఈ పిల్లలు లెడ్ జెప్పెలిన్ దగ్గర తీసుకున్నరు, ఒప్పుకుందం. మరి లెడ్ జెప్పెలిన్ ఎవరి దగ్గర తీసుకున్నది? అమెరికా దక్షిణాదిన పత్తి చేన్లల్ల పని చేసిన నల్లజాతి కూలీల నుంచి వచ్చిన బ్లూస్ పాట నుంచి. 1969లో వచ్చిన వాళ్ళ పెద్ద పాట 'హోల్ లొట్టా లవ్' మీద, అందుల నా పాట ఉందని విల్లీ డిక్సన్ అనే నల్లజాతి రచయిత 1985లో కేసు వేసిండు. ఆయన రాసిన ఆ పాటను మడ్డీ వాటర్స్ 1962లో పాడిండు. 1987లో కోర్టు బయట రాజీ అయింది, తర్వాత డిక్సన్ పేరు పాట కింద ఎక్కింది. పాట వచ్చిన ఎన్నేండ్లకు? లెక్క పెట్టుకోండి.

అదే బ్యాండు ఇంకో పాట 'వెన్ ద లెవీ బ్రేక్స్'. దాని మూలం 1929లో మెంఫిస్ మిన్నీ, కాన్సాస్ జో మెక్‌కాయ్ అనే భార్యాభర్తలు రికార్డు చేసిన పాట. 1927లో మిసిసిపీ నదికి వచ్చిన మహా వరదల కట్టలు తెగి, ఇండ్లు మునిగి, వేల మంది నల్లజాతి కుటుంబాలు దిక్కులేనోళ్ళయితే, ఆ వరద మీద కట్టిన పాట అది. 1971లో లెడ్ జెప్పెలిన్ దాన్ని తీసుకున్నప్పుడు మెంఫిస్ మిన్నీ పేరు వేసిండ్రు. ఒక పాటకు పేరు వేసిండ్రు, ఇంకో పాటకు కేసు వేస్తే గాని వెయ్యలేదు. రెండు పాటలూ గొప్పగనే వాయించిండ్రు. కాబట్టి నా లెక్కల ఒకరి తీరు ఇంకొకరు తీసుకునుడు తప్పు కాదు. సంగీతం మొత్తం అట్లనే నడిచింది. ఎవరిదో పేరు చెప్పినవా లేదా అనేది మొదటి ప్రశ్న. తీసుకున్నదాంట్ల నీ ఇల్లు, నీ ఊరు కనబడతున్నదా అనేది రెండో ప్రశ్న.

మొదటి ప్రశ్నలో గ్రెటా వాన్ ఫ్లీట్‌కు పెద్ద ఇబ్బంది లేదు. బ్లూస్ పెద్దల పాటలు వినుకుంటనే పెరిగినమని వాళ్ళు దాచుకోలేదు. రెండో ప్రశ్నల తప్పింది. స్టార్‌క్యాచర్ మొత్తం తిరిగి తిరిగి వినండి. నక్షత్రాలు ఉంటయి, ఆకాశం ఉంటది, విలుకాడు ఉంటడు, గురువు ఉంటడు. ఫ్రాంకెన్‌మత్ ఉండదు. ఆ ఊరి పొలం, ఆ ఊరి చలి, ఆ ఊరి మనిషి, ఒక్కటి కూడ పేరుతో వినబడదు. పది పాటలు విన్నంక ఆ అన్నదమ్ములు ఏడ పుట్టిండ్రో చెప్పలేం. గొంతు ఇంగ్లండుది, మాటలు ఏ దేశానివో తెల్వదు. పాత కాలం వాళ్ళకు అద్దె ఇల్లు లెక్క. అందంగ సర్దుకున్నరు గాని గోడకు ఒక్క మేకు కూడ కొట్టలేదు.

ఆ ఊరికి చెప్పుకునే కథ లేదా అంటే, ఉన్నది. ఫ్రాంకెన్‌మత్‌ను 1845లో జర్మనీలోని బవేరియా నుంచి వచ్చిన లూథరన్ క్రైస్తవులు కట్టిండ్రు. ఆ నేల మీద ఉన్న చిప్పెవా ఆదివాసులకు మత ప్రచారం చేయాలన్నది వాళ్ళు రావడానికి ఒక ముఖ్య కారణం. ఇప్పుడు అది టూరిస్టుల ఊరు, జర్మన్ తరహా ఇండ్లు చూడడానికి జనం వస్తరు. ఆ నేల పాత మనుషులు ఏమయిండ్రు? ఆ ప్రశ్న మీద ఒక్క పాట చాలు, ఈ ఆల్బం ఇంకో మెట్టు ఎక్కేది. ఈ గ్రూపులో ఉన్న మనకు ఆ ప్రశ్న వెంటనే తడుతది. ఎందుకు తడుతదో వేరే చెప్పక్కర్లేదు. లెడ్ జెప్పెలిన్ కూడ కాశ్మీర్ చూడకుండనే 'కాశ్మీర్' అని పాట కట్టింది, మరి దాన్ని ఎట్ల మెచ్చుకుంటవ్ అని మీరు అడగొచ్చు. మెచ్చుకుంట, సంగీతం అంత గట్టిది కాబట్టి. కానీ అదే బ్యాండు వరద పాట పక్కన పెట్టి వింటే తేడా తెలుస్తది. వరద పాటల నీళ్ళు నిజం నీళ్ళు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దం. నేను చదివిన కాలేజీ పేరు రాయను. అక్కడ ఏటా కల్చరల్ డే చేస్తరు. మాకు ఏటా ఒకటే పిలుపు: "లంబాడా డ్యాన్స్ ఒకటి పెట్టండి, డ్రెస్సులు తెచ్చుకోండి." మా అక్కచెల్లెండ్లు అద్దాల ఫేటియా, కాంచళి కట్టుకొని ఆడుతరు, ఫోటోలు దిగుతరు, పేపర్ల వస్తది. మా బ్యాచ్‌ల ఒక తమ్ముడు గిటార్ మంచిగ వాయిస్తడు, సొంతంగ నేర్చుకున్నడు. వాడు బ్యాండు స్లాట్‌కు పేరిస్తే, "మీ వాళ్ళది ట్రెడిషనల్ ఐటం ఉంది కదా, మళ్ళా ఇదెందుకు" అని పేరు కొట్టేసిండ్రు. అంటే మిషిగన్ పిల్లగాడు యాభై ఏండ్ల కింది తీరు వాయిస్తే "కొత్తది చెయ్" అని తిడ్తరు. మన పిల్లగాడు కొత్తది వాయిస్తానంటే "నువ్వు పాతదే చెయ్" అంటరు. రెట్రో అనేది వాళ్ళకు ఇష్టంతో తొడుక్కున్న అంగీ. మనకు మాత్రం యూనిఫాం చేసిండ్రు. ఇదే సిటీల మన పేరు మీద బంజారాహిల్స్ ఉన్నది, ఆ కొండ మీద హార్డ్ రాక్ కేఫ్ పెట్టిండ్రు. బంజారా పిల్లగాడు హార్డ్ రాక్ వాయిస్తానంటే మాత్రం స్లాట్ లేదు. నవ్వాల్నో ఏడ్వాల్నో మీరే చెప్పండి.

ఇంకోటి కూడ ఉంది. మన పెద్దల పాట "పాతది" అని ఎవరన్నరు? కోయల వీరగాథలు డోలి మీద చెప్పిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. గుస్సాడీ నేర్పిన మర్లవాయి కనకరాజు గారికి 2021లో వచ్చింది. వాళ్ళు ఏదో పోయిన కాలాన్ని తిరిగి కట్టలేదు, వాళ్ళ చేతుల్ల ఉన్నదాన్నే చేసిండ్రు. మా భద్రాచలం తమ్ముడు అంటడు, "అన్నా, మా ఊర్ల కొలుపుకు డోలి కొట్టేది రెట్రో కాదు, ఆ రోజు పని." నాకు ఈ మాట బాగ నచ్చింది. వాడుకలో ఉన్నంత కాలం ఏ పాటా పాతది కాదు. వాడుక తప్పినంక దాన్ని మళ్ళీ తెచ్చుకోవాల్సి వస్తే అప్పుడు రెట్రో అయితది. మనం ఇప్పుడు సరిగ్గ ఆ గీత మీద నిలబడ్డం. మా తండాల తీజ్ పాటలు మొదటి నుంచి చివరి దాకా నోటికి వచ్చినోళ్ళు ఇప్పుడు ముగ్గురే ఉన్నరు. ముగ్గురూ డెబ్బై దాటినోళ్ళే. అందుల ఒకరు మా దాది.

మా చిన్నాన్న కొడుకు డిగ్రీ చదువుతున్నడు, ఫోన్లనే పాటలు మిక్స్ చేస్తడు. పోయిన నెల దాది పాడిన తీజ్ పాట రికార్డు చేసి, కింద డీజే బీట్ పెట్టి, తండా పిల్లల గ్రూపుల వేసిండు. నిజం చెప్పాలంటే బాగుంది. బీట్ సరిగ్గ పడ్డది, దాది గొంతులో ఆ గరుకు పోకుండ ఉంచిండు. పిల్లలు ఎగిరిండ్రు. పెద్దమనుషులు మాత్రం "తీజ్‌ను ఖరాబ్ చేస్తున్నరు" అని కోపానికి వచ్చిండ్రు. నేను ఆదివారం ఊరికి పోయినప్పుడు దాదికి ఇయర్‌ఫోన్ పెట్టి వినిపిచ్చిన. మొత్తం విన్నది. చప్పుడు ఎక్కువుందని అనలేదు. "గొంతు నాదే, మరి బావి ఏది?" అన్నది.

నాకు మొదట సమజ్ కాలేదు. తర్వాత తమ్మున్ని అడిగితే చెప్పిండు. అసలు పాటల గోధుమ మొలకలకు నీళ్ళు ఏ బావి నుంచి తెస్తున్నరో, ఏ గుట్ట పక్కనుంచి నడుస్తున్నరో, బుట్ట ఎవరి బిడ్డ ఎత్తుకున్నదో పేర్లు పెట్టి పాడుతరు. ఏ ఏటికి ఆ ఏడు ఆ పేర్లు మారుతయి. ఆ ముక్కలు ఒక్కోటి ఒక్కో పొడవుల ఉంటయి కాబట్టి బీట్‌ల ఇమడలేదట. "అన్నా, పేర్లు పెడితే తాళం తప్పుతది, మూడు నిమిషాలు కూడ దాటుతది, అందుకే తిరిగి తిరిగి వచ్చే లైన్లే ఉంచిన" అన్నడు. వీడియో కింద వాని డీజే పేరు ఉన్నది, దాది పేరు లేదు. ఇప్పుడు చూడండి. స్టార్‌క్యాచర్‌ల ఏం లోపం ఉందో, మా తమ్ముని మిక్స్‌ల కూడ సరిగ్గ అదే లోపం. గొంతు ఉంచుకున్నరు, ఊరు తీసేసిండ్రు. తాతమ్మల పాటకు బలం ఆ గొంతు ఒక్కటే కాదు, ఆ పేర్లు. మెంఫిస్ మిన్నీ పాటకు వరద ఎట్లనో, మా దాది పాటకు ఆ బావి అట్ల.

పెద్దమనుషుల మాట కూడ పూర్తిగ ఒప్పుకోను. నగారా తప్ప ఇంకేదీ మోగొద్దు అంటే, రేపు ఆ ముగ్గురు ముసలమ్మలు లేనినాడు నగారా మీద ఏం పాడుతరు? పిల్లలకు పాట రావాల్నంటే ముందు పాట వాళ్ళ చెవిల పడాలె. అది బీట్‌తో పడ్డా, గిటార్‌తో పడ్డా నాకు అభ్యంతరం లేదు. మా మలక్‌పేట పక్కనే చూడండి. నిజాం సైన్యంల పని చేసిన ఫ్రెంచ్ సేనాని రేమాండ్, 1798లో చనిపోయిండు. సమాధి ఇక్కడే అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉన్నది. ఆయన పేరును ఇక్కడి జనం వాళ్ళ నోటికి తగ్గట్టు తిప్పుకొని మూసారాం చేసుకున్నరు, ఆ పేరు మీదనే మూసారాంబాగ్ అయిందని చెప్తరు. ఎక్కడి నుంచో వచ్చినదాన్ని మన నోటికి మలుచుకుంటే అది మనది అయితది. డీజేను కూడ అట్లనే మలుచుకోవాలె. మనం డీజేకు తగ్గట్టు కత్తిరించుకుంటే మాత్రం నష్టం మనకే.

నేను తమ్మునికి మూడు మాటలు చెప్పిన, ఇక్కడ కూడ అవే పెడ్తున్న. ఒకటి, పేర్లు ఉన్న ముక్కలు మళ్ళా పెట్టు. తాళం తప్పితే ఆ ముక్క కాడ బీట్ ఆపు, నగారా ఒక్కటే ఉంచు, మళ్ళా బీట్ ఎత్తుకో. 'మీటింగ్ ద మాస్టర్'ల మెల్లగ మొదలై చివర్న లేచే పద్ధతి వాడికి వినిపిచ్చిన, "ఓ, గిట్ల చేయొచ్చా" అన్నడు. రెండు, ఈ ఏడు తీజ్ వేస్తున్న ఆడపిల్లల పేర్లు ఈ ఏటి పాటల పెట్టించు. దాది ఇంకా కొత్త పేర్లు కట్టగలదు, అడిగేటోళ్ళు లేకనే ఊకున్నది. మూడు, వీడియో కింద పాడినామె పేరు ముందు, నీ పేరు తర్వాత. విల్లీ డిక్సన్ లెక్క మన ముసలమ్మలు కోర్టుకు పోలేరు. కాబట్టి మనమే ముందు రాయాలె.

వాడు మొదటి రెండు ఒప్పుకున్నడు. మూడోదానికి కొంచెం గునిసిండు, "అందరు డీజేలు గట్లనే పెడ్తరన్నా" అన్నడు. ఇంకా మాట్లాడుతున్నం. తండా నాయక్ కూడ మెత్తబడ్డడు గాని, ఎనిమిది రోజులు నగారా, ఆఖరి రోజు మొలకలు చెరువుల కలిపి వచ్చినంకనే డీజే అని షరతు పెట్టిండు. నాకు ఇది సబబే అనిపిస్తున్నది. పిల్లలకు నచ్చలేదు. ఈ నెలాఖరుకు తీజ్, అప్పటికి తేలాలె.

ఆల్బం సంగతి ఒక్క మాటల చెప్పాలంటే: 'స్టార్‌క్యాచర్' వినండి. 'మీటింగ్ ద మాస్టర్', 'సేక్రెడ్ ద థ్రెడ్', 'రన్‌వే బ్లూస్' ఈ మూడింటితోటి మొదలుపెట్టండి. ఇయర్‌ఫోన్స్‌తో వినండి, ఫోన్ స్పీకర్‌ల డ్రమ్స్ చచ్చిపోతయి. ఈ నలుగురికి చేతులున్నయి, గొంతున్నది, అన్నదమ్ముల మధ్య ఉండే ఆ కలిసిన ఊపు ఉన్నది. ఈ ఆల్బం వచ్చేనాటికి వాళ్ళ వయసు ఇంకా ముప్పై దాటలేదు. నాలుగో ఆల్బం మీద నాకు ఆశ ఉన్నది. వాళ్ళు ఎవరి లెక్క వాయిస్తున్నరని నేను అడగను. వాళ్ళ ఊరి పేరు ఒక్క పాటల వినబడితే చాలు, ఆ రోజు తొమ్మిది మార్కులు వేస్త.

ఇగ మీరు చెప్పండి. మీ తండాల, మీ గూడెంల ఈ డీజే పంచాయితీ ఎట్ల తెంపుకున్నరు? గోండు, కోయ, కొలామ్ తమ్ముళ్ళు, అక్కలు కూడ రాయండి. దండారికీ, కొలుపులకూ ఇదే లొల్లి ఉన్నదా? ఇంకోటి. మీ ఇంట్ల ముసలమ్మలకు, ముసలయ్యలకు వచ్చిన పాటల్ల మీ ఊరి బావి, గుట్ట, వాగు పేర్లు ఉన్న ముక్క ఏదన్న ఉంటే, ఈ వారం ఫోన్ల రికార్డు చేసి పెట్టుకోండి. పాడినోళ్ళ పేరు, ఊరు, తారీఖు మొదట్లనే మీ గొంతుతోటి చెప్పి, తర్వాత పాట మొదలుపెట్టండి. రెండు నిమిషాల పని. ఎవరి దగ్గరన్న అట్ల చేసినవి ఇప్పటికే ఉంటే కామెంట్ల చెప్పండి, మా తమ్మునికి చూపిస్త.